వారంటీ పత్రం వెనుకపుట

1955 మే నెలలో న్యూజెర్సీకి చెందిన హెన్నింగ్‌సెన్ అనే వ్యక్తి కొన్న ప్లిమత్ కారు పది రోజులకే, 468 మైళ్లు తిరిగేసరికి, స్టీరింగు అదుపు తప్పి గోడను ఢీకొన్నది. నడుపుతున్నది ఆయన భార్య. కొనుగోలు పత్రం వెనుక చిన్న అక్షరాలతో ముద్రించిన వారంటీ ప్రకారం, 90 రోజులు లేదా 4,000 మైళ్లలోపు, ఏది ముందైతే అది, లోపమున్న భాగాన్ని మార్చి ఇవ్వడంతో తయారీదారు బాధ్యత తీరిపోతుంది. గాయపడిన మనిషికి అందులో చోటే లేదు. తయారీదారుల సంఘంలోని సంస్థలన్నీ ఇదే వారంటీని వాడుతుండటంతో బేరమాడే వీలు కొనుగోలుదారుకు నామమాత్రమైనా మిగలలేదు.

కారు ముందుభాగం నుజ్జునుజ్జయినందున ఏ భాగం ముందుగా విఫలమైందో తేల్చడం అసాధ్యమైంది. నిర్లక్ష్యం ఆరోపణ విచారణ న్యాయస్థానంలోనే వీగిపోయింది. అయితే అమ్మిన వస్తువు వాడకానికి తగినదై ఉండాలన్న అంతర్లీన హామీ నిలిచింది. 1960లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు పరిమితి నిబంధనను చెల్లదని కొట్టివేసి, ఒప్పందంపై సంతకం చేయని భార్యకూ ఆ హామీ వర్తిస్తుందని తీర్పునిచ్చింది.