కాలువగట్టున గణితం

మహావీరాచార్యుని సంస్కృత గణితాన్ని పావులూరి మల్లన పదకొండవ శతాబ్దిలోనే తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అయినా నిజాం పాలనలో కామారెడ్డి, ఎల్లారెడ్డి పిల్లలకు పై తరగతుల లెక్కలు ఉర్దూలోనే నడిచాయి. బడి మొహం చూడని రైతు షావుకారు చిట్టాకు వేలిముద్ర వేశాడు.

1931లో ఎల్లారెడ్డి ప్రాంతాన మంజీరపై నిజాంసాగర్ పూర్తయింది. కాలువ వెడల్పు, లోతు రేఖాగణితం. నీటి వేగానికీ పారుదలకూ ఉన్న సంబంధం బీజగణితం. తడిసే ఎకరాలు అంకగణితం. కాలువగట్టున ఈ మూడూ ఒక్కటే. తెలుగు మాధ్యమం వచ్చాక చదివిన నాకు కూడా బడిలో వాటిని విడదీసి, సూత్రాలు వల్లె వేయించారు.

సమగ్ర గణిత బోధనను నేను కోరేది అందుకే. నలభై గుంటల ఎకరంలో తన వాటా ఎంతో, బాకీలో దొంగవడ్డీ ఎంతో రైతుబిడ్డ తానే తేల్చుకోవాలి. లెక్క అడిగేవాణ్ణి చూస్తేనే దోపిడీకి భయం.