భాగం - 9 : యూఫ్రోనియోస్ – ఏథెన్స్ కుండలపై ఒక చేతిపనివాని చరిత్ర

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• నల్ల బొమ్మల పద్ధతికి, ఎర్ర బొమ్మల పద్ధతికి ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• యూఫ్రోనియోస్ శైలిలో వచ్చిన మార్పులను ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
• సంతకం, శైలి, దొరికిన చోటు అనే మూడు ఆధారాలతో ఒక చేతిపనివాని జీవితాన్ని చరిత్రకారులు ఎలా పునర్నిర్మిస్తారో, అందులోని పరిమితులు ఏమిటో చర్చించగలుగుతారు.

9.1 పరిచయం

ప్రాచీన గ్రీసు అనగానే పెరిక్లీస్, సోక్రటీస్, అలెగ్జాండర్ వంటి పేర్లు గుర్తుకు వస్తాయి. వీరి గురించి ప్రాచీన రచయితలు విరివిగా రాశారు. కుండలు చేసి, వాటిపై బొమ్మలు వేసి బతికిన వారిని మాత్రం దాదాపు పట్టించుకోలేదు. క్రీ.పూ. 520 - 470 మధ్య ఏథెన్స్‌లో పనిచేసిన యూఫ్రోనియోస్ పేరు మనకు దక్కిన ప్రాచీన గ్రంథాలలో కనిపించదు. ఆయన తండ్రి ఎవరో, ఎప్పుడు పుట్టాడో, ఎప్పుడు చనిపోయాడో తెలియదు. అయినా గ్రీకు చిత్రకళా చరిత్రలో ఆయనకు ఒక అధ్యాయం ఉంది. ఆ అధ్యాయానికి ఆధారం పాత్రలపై ఆయన పెట్టిన సంతకాలు, ఆయన గీసిన గీతలు, ఏథెన్స్‌లోని అక్రోపోలిస్ కొండపై దొరికిన ఒక శిథిల శాసనం.

ఆయన సంతకాలలో రెండు క్రియాపదాలు కనిపిస్తాయి. కొన్ని పాత్రలపై పేరు పక్కన ‘ఎగ్రాప్సెన్’ అని ఉంటుంది. దీనికి ‘చిత్రించాడు’ అని అర్థం. మరికొన్నింటిపై ‘ఎపొయేసెన్’ అని ఉంటుంది. దీనికి ‘చేశాడు’ అని అర్థం. మొదటిది చిత్రకారుని మాట, రెండవది కుమ్మరి మాట. సంతకంలో పేరు మారలేదు, క్రియ మారింది. ఆ మార్పు చుట్టూనే ఈ భాగం సాగుతుంది.

9.2 ఎర్ర బొమ్మల పద్ధతి

ఏథెన్స్ పరిసరాల మట్టిలో ఇనుము పాలు ఎక్కువ. అందువల్ల కాలిన తరువాత పాత్ర నారింజ ఛాయ గల ఎరుపుగా మారుతుంది. అదే మట్టిని నీటిలో వడగట్టి తయారుచేసిన మెత్తని పూతతో బొమ్మలు వేసేవారు. నలుపు రంగు ఆవంలో పుట్టేది. మొదట గాలి ఆడనిచ్చి కాల్చినప్పుడు పాత్ర అంతా ఎర్రబడుతుంది. తరువాత గాలిని మూసి పొగ కమ్మేలా చేస్తే అంతా నల్లబడుతుంది. చివరగా మళ్లీ గాలి వదిలినప్పుడు పూత లేని చోటు ఎరుపుకు తిరిగి వస్తుంది. పూత ఉన్న చోటు గాజులా బిగుసుకుపోయి నలుపుగానే మిగులుతుంది. ఈ మూడు దశల్లో ఏది చెడినా శ్రమ వృథా అయ్యేది.

పాత పద్ధతిలో బొమ్మను నల్ల పూతతో నింపి, కళ్లు, కండరాలు, బట్టల మడతలు వంటి వివరాలను పదునైన మొనతో గీరేవారు. క్రీ.పూ. 525 ప్రాంతంలో ఏథెన్స్‌లో దీన్ని తలకిందులు చేశారు. నేపథ్యాన్ని నల్ల పూతతో నింపి, బొమ్మను మట్టి రంగులోనే వదిలారు. ఇక వివరాలన్నీ కుంచెతో వేయవచ్చు. చిక్కని పూతతో ఉబ్బెత్తుగా నిలిచే గీతను, పలుచని పూతతో గోధుమ రంగు గీతను గీయవచ్చు. గీరిన గీత ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది. కుంచె గీత లావుగా, సన్నగా, ముదురుగా, లేతగా సాగుతుంది. మనిషి శరీరాన్ని చూపడానికి ఇది కొత్త దారి.

ఈ దారిని పరీక్షించి చూసిన తొలి తరం చిత్రకారులను బ్రిటిష్ పండితుడు జాన్ బీజ్లీ (1885 - 1970) ‘మార్గదర్శకుల బృందం’ అన్నాడు. యూఫ్రోనియోస్, యూథిమిడీస్, ఫింటియాస్, స్మిక్రోస్ ఈ బృందంలోని వారు. చెవి, మోకాలు, చీలమండ వంటి చిన్న అవయవాలను గీసే తీరును బట్టి చేతిని గుర్తుపట్టే విధానాన్ని బీజ్లీ ఈ పాత్రలకు అన్వయించాడు. సంతకం లేని పాత్రలను కూడా ఫలానా చిత్రకారునివని నిర్ణయించడానికి ఈ విధానమే ఆధారం.

9.3 చిత్రకారునిగా యూఫ్రోనియోస్ (సుమారు క్రీ.పూ. 520 - 500)

9.3.1 ఒకే కథ, రెండు పాత్రలు

ఆయన తొలి రచనల్లో ఒకటిగా భావించే పానపాత్రపై సార్పిడాన్ కథ ఉంది. సార్పిడాన్ లైకియా రాజు, జ్యూస్ దేవుని కొడుకు. ట్రాయ్ యుద్ధంలో పాట్రోక్లస్ చేతిలో చనిపోతాడు. నిద్ర, మృత్యువు అనే కవల దేవతలు ఆయన దేహాన్ని స్వదేశానికి మోసుకుపోతారు. పానపాత్ర వెలుపలి వైపు బొమ్మకు దొరికే జాగా ఇరుకు.

అదే కథను క్రీ.పూ. 515 ప్రాంతంలో ఆయన మళ్లీ ఒక పెద్ద క్రేటర్‌పై వేశాడు. క్రేటర్ అంటే విందులో ద్రాక్షసారాను నీళ్లతో కలిపే వెడల్పు మూతి పాత్ర. ఈ పాత్ర ఎత్తు సుమారు 46 సెం.మీ. దీన్ని చేసినవాడు యుక్సితియోస్, చిత్రించినవాడు యూఫ్రోనియోస్ అని దానిపైనే రాసి ఉంది. మధ్యలో హెర్మీస్ నిటారుగా నిలబడతాడు. రెక్కలు గల నిద్ర, మృత్యువు రెండు వైపుల నుంచి వంగి దేహాన్ని పైకెత్తుతుంటారు. సార్పిడాన్ దేహం మిగతా అందరికంటే పెద్దది. మూడు గాయాల నుంచి రక్తం కారుతుంటుంది. పొత్తికడుపు, ఛాతీ కండరాలను పలుచని గీతలతో ఓపికగా విడదీసి చూపాడు. పాత్ర రెండో వైపున యుద్ధానికి ఆయుధాలు ధరిస్తున్న యువకులు ఉన్నారు. ఒక వైపు యుద్ధానికి బయలుదేరడం, మరో వైపు యుద్ధం మిగిల్చేది. విందులో ఆ పాత్ర చుట్టూ తిరిగే వారికి ఈ రెండు దృశ్యాలు ఒకదాని తరువాత ఒకటి కనిపించేవి.

9.3.2 శరీరాన్ని చదవడం

ప్రస్తుతం పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న మరో క్రేటర్‌పై హెరాక్లీస్‌కు, ఆంటేయస్ అనే రాక్షసునికి మధ్య మల్లయుద్ధం ఉంది. హెరాక్లీస్ జుట్టు, గడ్డం నల్లగా, కుదురుగా ఉంటాయి. ఆంటేయస్ జుట్టు పలుచని పూతతో గోధుమ రంగులో, చింపిరిగా ఉంటుంది. హెరాక్లీస్ పట్టు బిగుస్తున్న కొద్దీ ఆంటేయస్ నోరు తెరుచుకొని పళ్లు కనిపిస్తాయి. ఒక చేయి పట్టు తప్పి వాలిపోతుంది. ఎవరు గెలుస్తారో చెప్పడానికి చిత్రకారునికి వేరే గుర్తులు అవసరం కాలేదు. అదే పాత్ర రెండో వైపున వేణువు వంటి వాద్యాన్ని వాయించే కళాకారుడు పోటీ వేదిక ఎక్కుతుంటాడు. పురాణ కథకు పక్కనే ఏథెన్స్ దైనందిన జీవితాన్ని చూపడం ఈ బృందానికి అలవాటు.

రోమన్ రచయిత ప్లినీ, క్లియోనీకి చెందిన కిమోన్ అనే చిత్రకారుడు కీళ్లను, నరాలను, బట్టల మడతలను చూపడం మొదలుపెట్టాడని రాశాడు. కిమోన్ చిత్రాలు మనకు దక్కలేదు. ప్లినీ చెప్పిన ఆ మార్పు ఎలా ఉండి ఉంటుందో యూఫ్రోనియోస్ పాత్రలను చూసి ఊహించవచ్చు. అయితే ఆయన పరిధినీ గమనించాలి. ముఖాన్ని పక్క నుంచి గీసినా, కంటిని మాత్రం ఎదుటి నుంచి చూసినట్టే వేశాడు. పాత అలవాటు ఒక్క తరంలో పోలేదు.

9.3.3 మిత్రులు, పోటీదారులు

కాఖ్రిలియన్ చేసిన ఒక పానపాత్రను యూఫ్రోనియోస్ చిత్రించాడు. ఇప్పుడు మ్యూనిక్‌లో ఉన్న ఆ పాత్రపై మూడు దేహాల గెరియాన్‌తో హెరాక్లీస్ పోరాడతాడు. లోపలి వలయంలో గుర్రంపై ఒక యువకుడు, పక్కన ‘లియాగ్రోస్ అందగాడు’ అనే మాట ఉంటాయి. మ్యూనిక్‌లోనే ఉన్న మరో పాత్రపై యూథిమిడీస్ తాగి చిందులేసే ముగ్గురిని వేసి, ఇలాంటిది యూఫ్రోనియోస్ ఎన్నడూ వేయలేదనే అర్థం వచ్చేలా రాశాడు. దీన్ని సవాలుగా కొందరు, మిత్రుల మధ్య పరాచికంగా కొందరు తీసుకున్నారు. ఏదైనా ఒక విషయం స్పష్టం. ఏథెన్స్ కుమ్మరివాడలో ఒకరి పనిని మరొకరు నిశితంగా చూసేవారు, తమ పనికి విలువ ఉందని నమ్మేవారు. అక్షరం కూడా వచ్చినవారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
ఎ) గీరిన గీతకు, కుంచె గీతకు తేడా ఏమిటి?
బి) సార్పిడాన్ క్రేటర్ రెండు వైపుల దృశ్యాలకు ఉన్న సంబంధం ఏమిటి?

9.4 కుంచె నుంచి సారెకు (సుమారు క్రీ.పూ. 500 - 470)

క్రీ.పూ. 500 తరువాత యూఫ్రోనియోస్ పేరు పక్కన ‘ఎగ్రాప్సెన్’ ఆగిపోతుంది, ‘ఎపొయేసెన్’ మొదలవుతుంది. పాత్రలు ఆయనవి, బొమ్మలు ఇతరులవి. సముద్ర గర్భంలో ఆంఫిట్రైటీ ముందు నిలిచిన బాల థీసియస్ ఉన్న పానపాత్ర (లూవ్ర్) వీటిలో ప్రసిద్ధం. దాని బొమ్మలు ఒనేసిమోస్ వేసినవని పండితుల నిర్ణయం. ఒనేసిమోస్ కండరాల గీతలను తగ్గించి, కదలికకు ప్రాధాన్యం ఇచ్చాడు. అంటే గురువు శ్రద్ధగా పోగుచేసిన వివరాల్లో చాలావాటిని తరువాతి తరం వదిలేసింది. సుమారు మూడు దశాబ్దాల తరువాత కూడా తెల్లపూత వేసిన ఒక పానపాత్రపై (బెర్లిన్) కుమ్మరిగా యూఫ్రోనియోస్ సంతకం కనిపిస్తుంది. దానిని చిత్రించిన వ్యక్తిని ‘పిస్టోక్సెనోస్ చిత్రకారుడు’ అంటారు.

ఈ మార్పుకు కారణం ఏమిటి? మూడు సమాధానాలు ఉన్నాయి.

మొదటిది, వయసు మీద పడి దగ్గరి చూపు తగ్గి ఉంటుందని. అక్రోపోలిస్‌పై కుమ్మరి యూఫ్రోనియోస్ తన రాబడిలో పదో వంతుతో అథీనా దేవతకు సమర్పించిన కానుక తాలూకు శాసనంలో ‘ఆరోగ్యం’ అనే మాట ఉంది. కొందరు దీన్ని ఈ వాదనకు ఆధారంగా చూపారు. శాసనం విరిగిపోయింది కాబట్టి ఆ మాట నుంచి ఇంత పెద్ద నిర్ధారణ చేయడం కష్టం.

రెండవది, సొంత పనిశాల నడపడం లాభదాయకమని. దేవతకు రాతి కానుక ఇవ్వగల స్తోమత ఆయనకు ఉందని శాసనమే చెబుతుంది. ఆ కానుకపై తనను తాను ‘కుమ్మరి’ అని చెప్పుకున్నాడు. గొప్ప చిత్రకారుడని మనం పొగిడే వ్యక్తి, దేవత ముందు ఎంచుకున్న గుర్తింపు అది. ఈ ఆధారం బలమైనది.

మూడవది, చిత్రకారుడు, కుమ్మరి ఇద్దరూ ఒకే పేరుగల వేర్వేరు వ్యక్తులని. ఇది అసాధ్యం కాదు. అయితే చాలామంది పండితులు ఇద్దరూ ఒకరేనని భావిస్తారు.

9.5 కాలనిర్ణయం, దొరికిన చోటు

పాత్రలపై సంవత్సరాలు ఉండవు. అందగాడని పొగిడిన లియాగ్రోస్ ఇక్కడ సాయపడతాడు. ఆ పేరుగల సేనాని క్రీ.పూ. 465 ప్రాంతంలో థ్రేస్ యుద్ధంలో చనిపోయాడు. అప్పటికి ఆయన నడివయసు దాటినవాడనుకుంటే, యువకునిగా పేరు పొందిన కాలం క్రీ.పూ. 510 ప్రాంతం అవుతుంది. ఏథెన్స్‌లో నియంతృత్వం పడిపోయి, క్లైస్థెనీస్ సంస్కరణలు వచ్చిన కాలం అదే. ఈ లెక్క ఇరవై ఏళ్లు అటూ ఇటూ అయితే శైలుల వరుస మొత్తం కదులుతుంది.

యూఫ్రోనియోస్ పాత్రలు ఎక్కువగా ఇటలీలోని ఎట్రుస్కన్ సమాధుల్లో దొరికాయి. సార్పిడాన్ క్రేటర్‌ను 1971లో చెర్వెతెరి దగ్గర దొంగతనంగా తవ్వి తీశారు. 1972లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం దాన్ని పది లక్షల డాలర్లకు కొన్నది. లెబనాన్‌లోని పాత సేకరణ నుంచి వచ్చిందని అప్పట్లో చెప్పారు. 2006లో ఇటలీతో ఒప్పందం కుదిరి, 2008లో పాత్ర ఇటలీకి తిరిగి వెళ్లింది. ప్రస్తుతం చెర్వెతెరిలోనే ఉంది.

పాత్ర తిరిగి వచ్చింది, సమాచారం రాలేదు. ఆ సమాధి స్త్రీదా, పురుషునిదా? పక్కన ఇంకేమి పెట్టారు? విందు కోసం ఏథెన్స్‌లో చేసిన పాత్ర ఎట్రుస్కన్ శవం పక్కకు చేరినప్పుడు, మృత్యువు మోసుకుపోయే వీరుని కథకు వారు ఏ అర్థం చెప్పుకున్నారు? క్రమపద్ధతిలో తవ్వి ఉంటే వీటిలో కొన్నింటికి జవాబు దొరికేది. శైలిని బట్టి చిత్రకారుని గుర్తించవచ్చు. పాత్రను వాడినవారిని గుర్తించాలంటే నేల పొరలు కావాలి. రాతలేని జీవితాలకు నేలే దస్తావేజు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
ఎ) అక్రోపోలిస్ శాసనం ఏ విషయాన్ని బలంగా, ఏ విషయాన్ని బలహీనంగా సమర్థిస్తుంది?
బి) కాలనిర్ణయానికి లియాగ్రోస్ పేరు ఎలా తోడ్పడుతుంది?

9.6 సారాంశం

ఎర్ర బొమ్మల పద్ధతి ఇచ్చిన కుంచె గీతతో యూఫ్రోనియోస్ మానవ శరీరాన్ని కొత్తగా చూపాడు. పెద్ద క్రేటర్లపై ఆయన శైలి ఉన్నత స్థాయికి చేరింది. క్రీ.పూ. 500 తరువాత కుమ్మరిగా మారి, తన పాత్రలపై తరువాతి తరానికి చోటు ఇచ్చాడు. సంతకం ఆయన వృత్తిని, శైలి ఆయన చేతిని, దొరికిన చోటు ఆయన పాత్రల ప్రయాణాన్ని చెబుతాయి. ఈ మూడింటిలో ఏది పోయినా చరిత్ర అంత మేరకు తరుగుతుంది.

9.7 ముఖ్య పదాలు

క్రేటర్ : ద్రాక్షసారాను నీళ్లతో కలిపే పెద్ద పాత్ర.
ఎగ్రాప్సెన్ : ‘చిత్రించాడు’ అనే గ్రీకు మాట.
ఎపొయేసెన్ : ‘చేశాడు’ అనే గ్రీకు మాట.
ఆవం : కుండలు కాల్చే బట్టీ.

9.8 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. చిత్రకారునిగా యూఫ్రోనియోస్ శైలి పరిణామాన్ని వివరించండి.
2. యూఫ్రోనియోస్ కుమ్మరిగా మారడానికి చెప్పే కారణాలను పరిశీలించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఆవంలోని మూడు దశలు.
2. అక్రమ తవ్వకాల వల్ల చరిత్రకు కలిగే నష్టం.