రక్షణ నిశ్చయము : పండిత రమాబాయి అన్వేషణము

మతమును స్వీకరించుట వేరు. ఆ మతము వాగ్దానము చేయు రక్షణ తనకు లభించినదని హృదయమునకు నిశ్చయము కలుగుట వేరు. క్రైస్తవ సంఘ చరిత్రలో ఈ భేదము పలుమారులు కనిపించును. 1728లో గురువుగా అభిషిక్తుడైన జాన్ వెస్లీకి ఆ నిశ్చయము 1738లో గాని కలుగలేదు. మన దేశములో ఈ రెంటి నడుమ గల దూరమును తన జీవితముతో కొలిచి చూపినది పండిత రమాబాయి (1858-1922).

ఆమె తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే పురాణపఠనముతో జీవించుచు సకుటుంబముగా తీర్థములు సేవించెను. ఉన్న ధనమంతయు దానధర్మములకు, పూజలకు వ్యయమయ్యెను. 1870 దశకపు కరువు వారిని తిరుపతిలో పట్టుకొనెను. కడపటి గింజయు తీరిపోగా, తెలిసినవారి నడుమ దైన్యమునకు సిగ్గుపడి, చావనెంచి అడవిలో ప్రవేశించిరి. పదునొకండు దినములు నీరు, ఆకులు, గుప్పెడు ఈతపండ్లే వారికి ఆహారము. పిదప తండ్రి, తల్లి, అక్క ఒకరి వెనుక నొకరు మరణించిరి. ఇంత పుణ్యమార్జించినవారికి ఫలమేది అను ప్రశ్న ఆ బాలికను విడువలేదు.

1878లో కలకత్తా పండితులు ఆమె సంస్కృత వైదుష్యమునకు మెచ్చి ‘పండిత’, ‘సరస్వతి’ బిరుదము లిచ్చిరి. స్త్రీధర్మములను గూర్చి ప్రసంగింపుమని వారు కోరగా ఆమె ధర్మశాస్త్రములను శోధించెను. పరస్పరము భేదించు ఆ గ్రంథములు స్త్రీకి స్త్రీగా మోక్షము లేదనుటలో మాత్రము ఏకీభవించుచున్నవని ఆమెకు తోచెను. వానిని వేరుగా చదివినవారును కలరు. కాని ఆమె మనస్సునకు తగిలిన గాయము అది.

1882లో భర్త మరణించెను. మరుసటి యేట ఇంగ్లండునకు పోయి వాంటేజిలో బాప్తిస్మము పొందెను. అంతటితో అన్వేషణము ముగియలేదు. తన అంతరాత్మ యొప్పనిది సంఘాధికారము చెప్పినదని మాత్రమే అంగీకరింపనని ఆ మఠకన్యలతో లేఖలలో వాదించెను. బాప్తిస్మమైన యెనిమిదేండ్లకు గాని తనకు శాంతి లభింపలేదనియు, అంతవరకు క్రీస్తుమతము దొరకినదే గాని క్రీస్తు దొరకలేదనియు 1907లో వ్రాసిన ఆత్మకథనములో ఆమె తెలిపినది. విలియం హాస్లం అను ఆంగ్ల మతగురువు స్వీయచరిత్ర ఆమెకు మార్గము చూపెను. రక్షణ సత్కర్మలకు ముందెన్నడో ముట్టు వేతనము కాదు, నేడే చేతికందిన దానము అని ఆమె గ్రహించెను.

ఇది పదునారేండ్ల తరువాతి జ్ఞాపకమని చరిత్రకారుడు మరువరాదు. అంతరంగమును తూచుటకు త్రాసు లేదు. ఆ నిశ్చయము చేయించిన పనిని మాత్రము చూడవచ్చును. 1889లో బొంబాయిలో ఆమె స్థాపించిన శారదాసదనము మరుసటి యేట పూనాకు మారెను. మతము మార్పించుచున్నదను శంకతో 1893లో అనేకులు తమ బాలికలను తీసికొనిపోయిరి. ఆమె చలింపలేదు. 1896-97 కరువులో మధ్యపరగణాలకు పోయి దిక్కులేని స్త్రీలను, బాలికలను వందలుగా తెచ్చి కేడ్గావ్ నందలి ‘ముక్తి’లో అన్నము పెట్టెను. ఆకలి యెట్టిదో తిరుపతి అడవి ఆమెకు నేర్పియే యుండెను.

రచయితలు గమనింపదగినది మరియొకటి కలదు. హీబ్రూ, గ్రీకు భాషలు నేర్చి, ఆమె బైబిలును మరాఠీ లోనికి అనువదించెను. ఉన్న అనువాదములోని సంస్కృత సమాసములు పల్లెటి స్త్రీకి అందవని, వాడుకమాటలనే ఏరుకొనెను. ముక్తి ముద్రణాలయములో అక్షరములు కూర్చినదియు ఆ స్త్రీలే. సంపూర్ణ గ్రంథము ఆమె మరణానంతరము 1924లో వెలువడెను. సంస్కృతమునకు ‘సరస్వతి’ బిరుదమందిన పండితురాలు ఆ సంస్కృతమునే ప్రక్కకు పెట్టినది. తనకు ముప్పది యేండ్లు దాటిన పిదప దొరకిన నిశ్చయము, అక్షరము కూడబలుకుకొను వితంతువునకు మొదటి పుటలోనే అందవలెనని ఆమె తలంపు.