పుటను దిద్దు పద్ధతి

తాళపత్రములనాట లేఖకుని దోషము ప్రతి నుండి ప్రతికి సంక్రమించెడిది. పాఠమును మార్చినవారెవ్వరో తెలియకుండెడిది. నేడు సెల్‌ఫోనులో చదువు పుటలకు వేఱొక మార్గమేర్పడినది. చదువరియే పుటను దిద్దగల 'వికీ' పద్ధతిని 1995లో అమెరికా దేశీయుడగు వార్డ్ కన్నింగ్‌హామ్ వెలయించెను. ఆ పద్ధతిననే 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా పుట్టినది.

'సవరించు' అనుచోట నొక్కినచో వ్రాతయంతయు నొక పెట్టెలో కనబడును. దిద్ది పంపినచో అది సర్వరు అను దూరయంత్రమునకు చేరి లోకమునకు కనబడును. పాతపాఠము నశింపదు, మార్పుల చరిత్రలో దిద్దినవారి గుర్తు, కాలము నిలుచును.

2022 ఏప్రిల్ 4న నూజివీడు కృష్ణా జిల్లానుండి ఏలూరు జిల్లాకు మాఱినది. ఇట్టి మార్పును పుట తనంతట నెఱుఁగదు, మనుష్యుడే దిద్దవలయును. మన చెఱువుల, తోటల సంగతులును అట్టివే. అయితే విన్నమాట చాలదు. అచ్చైన ఆధారము చూపవలయును. అట్టి పుస్తకము మీ యింటనున్నచో, మనుమని పిలిచి మీ యూరి పుటను దిద్దింపుడు.