పాత లారీకి పరాయి ఇంజను

పూనాలో బయలుదేరి హైదరాబాదు, విజయవాడల మీదుగా మచిలీపట్టణమున సముద్రమును చేరు జాతీయ రహదారి, హైదరాబాదు నగరమును వీడిపోవునప్పుడు దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, లాల్ బహదూర్ నగర్ పేటలను వరుసగా దాటుచున్నది. లోగడ 9వ సంఖ్యతో పిలువబడిన ఈ రహదారికి 2010లో 65వ సంఖ్య వచ్చినది. 2018 సెప్టెంబరు నుండి దీని నెత్తిన మెట్రో రైలు నడచుచున్నది. అయినను నేలమీద ఇది లారీల దారియే. కొత్తపేటలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు ఉన్నంతకాలము, వేసవి వచ్చినదనగా మామిడికాయల లారీలతో ఈ దారి నిండిపోయెడిది. 2021లో ఆ మార్కెట్టు బాటసింగారమునకు తరలిన పిమ్మట ఆ రద్దీ మరికొంత తూర్పునకు జరిగినది.

లారీలున్న చోట వాటిని బాగుచేయువారును ఉందురు. లాల్ బహదూర్ నగర్ కూడలి దాటి విజయవాడ వైపు కొంతదూరము పోగానే ఆటోనగర్ తగులును. ఇదే దారిమీద విజయవాడలో జవహర్ ఆటోనగర్ కలదు. ఇట్టి షెడ్లలో జరుగు పనులలో విజ్ఞానశాస్త్ర దృష్టితో చూచినచో మిక్కిలి ఆసక్తికరమైనది ఒకటి ఉన్నది. లారీని తయారుచేసినవారు తలపెట్టని వేరొక ఇంజనును దాని చట్రములో కూర్చి నడిపించుటయే ఆ పని. ఒక్క లారీని నమ్ముకొని అప్పుచేసి బ్రదుకు యజమానికి ఇది వేడుక కాదు. చట్రము గట్టిగానే ఉండి, ఇంజను మాత్రము అరిగిపోయినపుడో, అది త్రాగు ఇంధనము ధర భరింపరానిదైనపుడో, లారీని తుక్కునకు అమ్ముటయా, గుండె మార్చి మరి పదేండ్లు నడుపుటయా అన్న ప్రశ్న ఎదురగును.

ఈ కథలో ముఖ్యపాత్ర వహించిన మద్రాసు సింప్సన్ కంపెనీకి మన దారితో పాత చుట్టరికమున్నది. 1840లో గుఱ్ఱపు బండ్ల తయారీతో మొదలైన ఆ సంస్థ, 20వ శతాబ్దపు తొలి సంవత్సరములలోనే ఆవిరి యంత్రముతో నడచు బస్సును నిర్మించినది. ఆ బస్సు బెజవాడ, మచిలీపట్టణముల మధ్య నడచినది. గుఱ్ఱపు బండ్లు కట్టిన చేతులే బండిలో ఆవిరి యంత్రమును కూర్చినవి. అప్పటికి అది పరాయి ఇంజనే.

తరువాతి అధ్యాయమునకు 1932 జూను నెలను గుర్తుంచుకొనవలెను. ఆ నెలలో హైదరాబాదు సంస్థానమున నిజాం స్టేట్ రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ఆరంభమైనది. స్కాట్లండులోని అల్బియన్ కంపెనీ బస్సులు ఆనాడు నగరవాసులకు వింత. సరిగా ఆ నెలలోనే ఇంగ్లండులోని పీటర్‌బరో పట్టణములో ఫ్రాంక్ పెర్కిన్స్ అను ఇంజనీరు, చార్లెస్ చాప్‌మన్ తోడ్పాటుతో డీజెలు ఇంజనుల కంపెనీని నెలకొల్పెను. అంతవరకు డీజెలు ఇంజనులు మోటుగా, బరువుగా, నెమ్మదిగా తిరుగునట్టివి. ఓడలకును, మిల్లులకును సరిపోవునట్టివి. పెట్రోలు ఇంజను పట్టు చోటులోనే పట్టి, దానితో సమానముగా పరుగెత్తగల డీజెలు ఇంజనును తయారుచేయుట పెర్కిన్స్ సంకల్పము. అనగా ఇతరులు కట్టిన బండ్లలో చొరబడుటకే ఆ ఇంజను పుట్టినదన్నమాట.

ఈ రెండు కథలు కలియుటకు ముందు యుద్ధము వచ్చినది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున పెట్రోలుకు కరువు ఏర్పడగా, దేశమంతట బస్సులకు, లారీలకు బొగ్గు కొలుములు తగిలించిరి. తెలుగునాట వీటిని బొగ్గు బస్సులనిరి. వెనుక భాగమున నిలువెత్తు ఇనుప పీపాలో కట్టెబొగ్గు కణకణలాడును. కొద్దిపాటి గాలి అందులోనికి పోయినపుడు తొలుత బొగ్గుపులుసు వాయువు పుట్టి, అది పైనున్న ఎఱ్ఱని బొగ్గుగుండా పోవునపుడు కార్బన్ మోనాక్సైడుగా మారును. ఇది మండు వాయువు. దీనిని చల్లార్చి, మసి వడగట్టి, ఇంజనులోనికి పంపుదురు. కాని గాలితో వచ్చిన నత్రజని ఎక్కడికి పోవును? తయారైన వాయువులో సుమారు సగము అదే ఉండును. అది మండదు, ఊరక చోటు ఆక్రమించును. ఒక ఘనమీటరు పెట్రోలు-గాలి మిశ్రమములో సుమారు 3,800 కిలోజౌళ్ల శక్తి ఉండగా, ఈ వాయువు-గాలి మిశ్రమములో 2,500 మాత్రమే ఉండును. వాయువు వేడిగా లోనికి వచ్చుట, గొట్టములలో ఒరపిడి మున్నగు నష్టములను కూడ కలిపినచో ఇంజను బలము దాదాపు సగమునకు పడిపోవును. ఎత్తు వచ్చినపుడు ప్రయాణికులు దిగి బస్సును త్రోయవలసివచ్చెననుటలో అతిశయోక్తి లేదు. మూసియున్న షెడ్డులో కొలిమి వెలిగించినచో ప్రాణములకే మోసము. కార్బన్ మోనాక్సైడునకు వాసన లేదు.

యుద్ధము ముగిసినది. విదేశీ సైన్యములు వదలిపోయిన షెవ్రొలే, ఫోర్డు, డాడ్జి లారీలు మిగులు సరుకుగా అమ్ముడుపోయినవి. చట్రములు దృఢమైనవి, ధర తక్కువ. పెట్రోలు త్రాగుటలో మాత్రము అవి కుంభకర్ణులు. వీటికి తగిన మందు పెర్కిన్స్ కంపెనీ 1937లో వెలువరించిన పి-6 అను ఆరు సిలిండర్ల ఇంజను. సిలిండరు అడ్డుకొలత మూడున్నర అంగుళములు, పిస్టను నడక అయిదు అంగుళములు, మొత్తము ఘనపరిమాణము సుమారు 4.7 లీటర్లు, బలము నిమిషమునకు 2,400 చుట్లలో 83 అశ్వశక్తి. బెడ్‌ఫర్డు, డాడ్జి, ఫోర్డు లారీలలో కూర్చుటకు వలయు సామగ్రితో సహా కంపెనీయే దీనిని అమ్మినది. 1950 దశకమున సింప్సన్ కంపెనీ దీనిని మద్రాసులోనే తయారుచేయసాగెను.

83 అశ్వశక్తి కలది, 90 అశ్వశక్తి కల పెట్రోలు ఇంజనుకు బదులెట్లగును? ఇచ్చట ఒక చిన్న లెక్క చూడవలెను. పెట్రోలు ఇంజను తన 90 అశ్వశక్తిని 3,200 చుట్లవద్ద ఇచ్చుననుకొందము. ఆ స్థితిలో దాని త్రిప్పుడు బలము, అనగా మెకానిక్కులు పుల్లింగు అనునది, సుమారు 200 న్యూటన్-మీటర్లు. పి-6 ఇంజనుకు 2,400 చుట్లవద్ద అది సుమారు 246. బరువును కదల్చునది త్రిప్పుడు బలమే కాబట్టి, అశ్వశక్తి తక్కువైనను, అదే గేరులో డీజెలు లారీ లాగుడు మెరుగుగా నుండును. దీనికి తోడు ఇంధనము కలిసివచ్చును. పెట్రోలు ఇంజనులో మిశ్రమమును ఆరేడవ వంతునకు మించి కుదించినచో అది వేళకు ముందే అంటుకొనెడిది. డీజెలు ఇంజనులో గాలిని మాత్రమే 16వ వంతువరకు కుదింతురు. ఆ వేడికి ఇంధనము తానే మండును. ఎక్కువ కుదించినకొలది వేడిలో ఎక్కువ పాలు పనిగా మారుట ఉష్ణగతి శాస్త్రపు మూలసూత్రము.

అయితే లెక్కకు రెండవ ప్రక్క ఉన్నది. వెనుక ఇరుసులోని క్రౌను, పినియను మార్చకయే ఇంజను మార్చినారనుకొందము. ఇరుసు నిష్పత్తి 6.2, చక్రపు చుట్టుకొలత 2.9 మీటర్లు అయినచో, 3,200 చుట్లవద్ద లారీ గంటకు సుమారు 90 కిలోమీటర్లు పోవును. 2,400 చుట్లవద్ద 67 మాత్రమే. డ్రైవరు ఓపిక పట్టలేక ఇంజనును దాని హద్దుకు మించి పరుగెత్తించును. కొత్త ఇంజను ఏడాది తిరుగకుండ చెడిపోయినదన్న ఫిర్యాదులకు ఇట్టివే మూలము. ఇంజను మంచిదే. జత కుదరలేదు.

జత కుదుర్చుటయే ఈ విద్యలో కష్టమైన పాలు. పరాయి ఇంజను వెనుక భాగములోని బోల్టు రంధ్రములు పాత గేరుపెట్టె రంధ్రములతో కలియవు. నడుమ దళసరి ఇనుప పలక నొకదానిని లేతుపై చెక్కి బిగింపవలెను. ఇంజను ఇరుసుయొక్క కేంద్రము, గేరుపెట్టె ఇరుసుయొక్క కేంద్రము ఒకే సరళరేఖపై నిలువవలెను. వెండ్రుక వాసి తేడా వచ్చినను క్లచ్చిపలక అరగును, బేరింగు మ్రోగును. డీజెలు ఇంజను బరువెక్కువ గనుక ముందరి కమాన్లకు పట్టీలు చేర్చవలెను. దాని కుదుపు ఎక్కువ గనుక ఇంజను క్రింద రబ్బరు దిండ్లు మార్చవలెను. పెట్రోలు ఇంజనును లేపిన 6 వోల్టుల బ్యాటరీ దీనిని కదలింపలేదు.

అన్నిటికంటె ప్రమాదకరమైనది బ్రేకుల సంగతి. నాటి పెట్రోలు లారీలు పెక్కింటిలో డ్రైవరు కాలి బలమునకు తోడుగా ఇంజను పీల్చు గొట్టములోని శూన్యము బ్రేకులను లాగెడిది. పెట్రోలు ఇంజనులో గాలిని అదుపుచేయు తలుపు ఉండుటచే ఈ శూన్యము ఏర్పడును. చాల డీజెలు ఇంజనులలో ఆ తలుపు లేదు. అందలి బలమును ఇంధనముతోనే అదుపుచేయుదురు. ఇంజను మార్చి, శూన్యమును కల్పించు పంపును చేర్చుట మరచినచో, లారీ చక్కగా పరుగెత్తును, ఆగవలసినపుడు మాత్రము ఆగదు. ఈ సంగతి తెలిసిన ఉస్తాదులు మొదట పంపు బిగించి, ఆ తరువాతనే ఇంజనుకు సెల్ఫు కొట్టి చూతురు. వీరిలో చాలమంది శూన్యమును గూర్చి ఏ తరగతిలోను చదివినవారు కారు.

కొలదికాలములోనే ఈ పరాయితనము పోయినది. 1954లో టాటా సంస్థ జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్‌తో కలిసి డీజెలు లారీలు తయారుచేయ నారంభించెను. 1955లో అశోక్ లేలండ్ వెలసెను. బొంబాయిలోని ప్రీమియర్ కంపెనీ తన డాడ్జి, ఫార్గో లారీలలో పి-6 ఇంజనునే బిగించి అమ్మినది. నిన్న షెడ్డులో సాహసముగా జరిగినది నేడు కార్ఖానాలో మామూలైనది. 1955 డిసెంబరులో నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరుగునాటికి దేశమున లారీ అనగా డీజెలు లారీ అను రోజులు మొదలైనవి. 1973 చమురు సంక్షోభము తరువాత పెట్రోలు కార్లలోను, జీపులలోను డీజెలు ఇంజనులు దూర్చుట సాగినది గాని, దానిలో శాస్త్రము పాతదే.

ఇంతలో చట్టము బిగిసినది. 1988 మోటారు వాహనముల చట్టములోని 52వ విభాగమును 2000లో సవరించి, తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా వాహనమును మార్పరాదనిరి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుండి వచ్చిన వ్యాజ్యములో దీనిని గట్టిగా సమర్థించినది. అయితే ఆ విభాగములోనే ఒక సందు ఉంచిరి. బ్యాటరీ, సహజవాయువు, సౌరశక్తి వంటి వేరొక ఇంధనముతో నడచునట్లు, విధించిన షరతులకు లోబడి ఇంజనును మార్చుకొనవచ్చును. ఈ కట్టుబాటు న్యాయమైనదే. బ్రేకుల సంగతి తెలియని చేతిలో పడిన లారీకి దారిలో ఎదురువచ్చువారు ఏ పాపము చేసిరి? కాని నేర్పుగల మెకానిక్కునకు పరీక్ష పెట్టి పట్టా ఇచ్చు ఏర్పాటు కూడ ఉన్నచో బాగుండెడిది.

ఆ సందులోనుండియే నేటి పరాయి ఇంజనులు వచ్చుచున్నవి. హైదరాబాదులో సహజవాయువును పంచుటకు 2003లో భాగ్యనగర్ గ్యాస్ సంస్థ ఏర్పడినది. డీజెలు ఇంజనును ఈ వాయువుతో నడుపవలెనన్నచో, ఇంధనమును చిమ్ము ఇంజెక్టరు స్థానమున స్పార్కుప్లగ్గును నిలిపి, పిస్టను తలను తొలిచి కుదింపును సుమారు 11వ వంతునకు తగ్గింతురు. డీజెలు ఇంజనును తిరిగి పెట్రోలు ఇంజను స్వభావమునకు మార్చుటయే ఇది. 1950 నాటి ప్రయాణమునకు ఎదురుప్రయాణము.

విద్యుత్తు మోటారు వచ్చుటతో లెక్క మరల మొదటికి వచ్చినది. మోటారు నిలిచియున్న స్థితినుండియే పూర్తి త్రిప్పుడు బలము నిచ్చును గనుక క్లచ్చితో పనియే ఉండకపోవచ్చును. దాని పరాయితనము బరువులో నున్నది. విజయవాడ హైదరాబాదునుండి సుమారు 275 కిలోమీటర్లు. లీటరునకు 4 కిలోమీటర్లు నడచు లారీకి 70 లీటర్ల డీజెలు కావలెను. అది 60 కిలోలకు మించదు. లీటరులో సుమారు 10 కిలోవాట్-గంటల వేడి, అందులో మూడవ వంతుకు కొంచెము పైన పనిగా మారుననుకొన్నచో, చక్రములకు 240 కిలోవాట్-గంటలు చేరవలెను. మోటారులోని నష్టములను కలుపుకొని 270 కావలెననుకొందము. కిలోకు 150 వాట్-గంటలు నిలువచేయు బ్యాటరీ అయినచో దాని బరువు సుమారు 1,800 కిలోలు. పది టన్నుల కిరాయి లారీలో ఇంచుమించు ఆరవ వంతు సరుకు నష్టము. అదియు ఒక వైపు ప్రయాణమునకే. దిల్‌సుఖ్‌నగర్ దుకాణములకు దినమంతయు సామాను చేర్చి రాత్రికి షెడ్డు చేరు చిన్న బండికి ఈ చిక్కు లేదు. దినమునకు 60, 70 కిలోమీటర్లు నడచు అట్టి బండికి పాత ఇంజనును తీసి మోటారు బిగించుట నేటికే గిట్టుబాటు కావచ్చును. అట్టి బండిలో కూడ ఇంజనుతోబాటు దానికి తగిలించిన శూన్యపు పంపు వెళ్లిపోవును. కనుక బ్యాటరీతో నడచు వేరొక పంపును ముందుగా చట్రమునకు బిగింపవలసియున్నది.