జంట జలాశయాలు: భూవినియోగ నియంత్రణ చరిత్ర

1908 సెప్టెంబరు నాటి మూసీ వరద హైదరాబాదు నగరాన్ని అతలాకుతలం చేసిన పిదప, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల ననుసరించి మూసీపై ఉస్మాన్‌సాగర్ (1920), ఈసీపై హిమాయత్‌సాగర్ (1927) నిర్మితమయ్యాయి. వరద నివారణకు ఉద్దేశించిన ఈ జలాశయాలే నగరానికి తాగునీటి ఆధారాలయ్యాయి.

అయితే జలరక్షణ చెరువుకట్టతో ముగిసేది కాదు. పరీవాహక భూమి వినియోగంపై అది ఆధారపడి ఉంటుంది. ఈ గ్రహింపుతోనే 1996 మార్చి 8 నాటి 111వ ప్రభుత్వ ఉత్తర్వు 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాలలో కాలుష్యకారక పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను నిషేధించింది. 2000 డిసెంబరులో సుప్రీంకోర్టు తాగునీటి హక్కును జీవనహక్కులో భాగంగా పరిగణించి, ఒక నూనె పరిశ్రమకు ఇచ్చిన మినహాయింపును తోసిపుచ్చింది.

నగరం కోసం తమ భూముల విలువ కోల్పోయామన్నది ఆ గ్రామాల వాదన. కృష్ణా, గోదావరి జలాలు నగరానికి చేరడంతో జంట జలాశయాలపై ఆధారం తగ్గింది. 2022 ఏప్రిల్‌లో 69వ ఉత్తర్వు, జలనాణ్యత దెబ్బతినరాదన్న షరతుతో, ఆ ఆంక్షలను తొలగించింది. నియంత్రణ తాగునీటి అవసరం ఒక్కదానిపైనే నిలవడం వలన, ఆ అవసరం తగ్గగానే దాని పునాది సడలింది. జలాశయాల తొలి ప్రయోజనమైన వరద నివారణకు మాత్రం కాలదోషం పట్టలేదు.