పడవ పాటలో లేని యుద్ధం

టైం మెషీన్ అనగానే మనకి ఆదిత్య 369 గుర్తొస్తుంది. అది వచ్చిన 1991లోనే డయానా గాబల్డన్ 'ఔట్‌లాండర్' నవల కూడా వచ్చింది. 2014 నుంచి స్టార్జ్ వాళ్ళు దాన్నే సీరియల్‌గా తీశారు. 1945లో స్కాట్లాండు వచ్చిన క్లెయిర్ అనే నర్సు ఒక నిలువెత్తు రాయిని ముట్టుకుని 1743లో తేలుతుంది. అక్కడ జేమీ అనే కొండప్రాంతపు కుర్రాడితో ప్రేమ. ఇంకో మూడేళ్ళలో కలోడెన్ యుద్ధంలో వీళ్ళంతా ఓడిపోతారని ఆవిడకి ముందే తెలుసు.

కథ సంగతి అలా ఉంచండి. నన్ను పట్టుకున్నది టైటిల్ సాంగ్. బేర్ మెక్‌క్రియరీ సంగీతం, రాయా యార్‌బ్రో గొంతు. వింటే ఆ కాలపు జానపదమే అనిపిస్తుంది. కాదు. బాణీ 1870ల్లో స్కై దీవిలో పడవవాళ్ళు పాడుతుంటే ఒకావిడ విని రాసుకున్నది. దానికి 1884లో అచ్చయిన మాటలు హెరాల్డ్ బౌల్టన్ అనే ఇంగ్లీషాయనవి. తర్వాత అదే బాణీకి స్టీవెన్‌సన్ ('ట్రెజర్ ఐలాండ్' రాసినాయనే) వేరే మాటలు కట్టాడు. సీరియల్ వాళ్ళు ఈ వెర్షన్ తీసుకుని, కుర్రాణ్ణి అమ్మాయిగా మార్చారు. అంతే, యువరాజు పాట క్లెయిర్ పాటైపోయింది!

ఇంతకీ ఆ యువరాజు చార్లెస్ ఎడ్వర్డ్ స్టూవర్ట్. తండ్రికి బ్రిటన్ సింహాసనం తెచ్చిపెడదామని 1745లో తిరుగుబాటు లేవదీసి, 1746 ఏప్రిల్ 16న కలోడెన్‌లో ఒక గంటలో మొత్తం పోగొట్టుకున్నాడు. జూన్‌లో ఫ్లోరా మెక్‌డొనాల్డ్ సాయంతో పనిమనిషి వేషంలో పడవెక్కి స్కై చేరాడు. తలమీద 30,000 పౌన్ల బహుమతి ఉన్నా పట్టుబడలేదు. సెప్టెంబరులో ఫ్రాన్స్ వెళ్ళిపోయాడు.

సీరియల్ పాట ఆ పడవతోనే ఆగిపోతుంది. మరి ఒడ్డున మిగిలినవాళ్ళో? గాయపడి పడున్నవాళ్ళని కూడా చంపారు. ఇళ్ళు తగలబెట్టారు, పశువుల్ని తోలుకుపోయారు. కొండవాళ్ళ బట్టలు కట్టుకోవడమే నేరమన్నారు, ఆ చట్టం 1782 దాకా ఉంది. జేమ్స్ రీడ్ అని ఒక బ్యాగ్‌పైప్ కళాకారుడు. తను కత్తి పట్టలేదు మొర్రో అన్నా వినకుండా, పైప్ లేనిదే కొండ పటాలం కదలదు కాబట్టి అదీ యుద్ధ సాధనమేనని యార్క్‌లో ఉరితీశారు.

ఒకప్పుడు మనిషిని ఉరికంబం ఎక్కించిన ఆ వాద్యమే ఇవాళ రొమాన్స్‌కి బ్యాక్‌గ్రౌండ్. ఎలాగంటారా? బౌల్టన్ రాసేనాటికి స్టూవర్టు వంశమే అంతరించింది. కొండ పటాలాలు బ్రిటిష్ సామ్రాజ్యం కోసం పోరాడుతున్నాయి. విక్టోరియా రాణి అక్కడే బాల్మొరల్‌లో కోట కట్టించుకుంది. గెలిచినవాడికి భయం పోయాకే ఓడినవాడి పాట తియ్యగా వినిపిస్తుందన్నమాట.

సీరియల్‌ని మెచ్చుకోవాల్సింది ఇక్కడే. 2017లో వచ్చిన మూడో సీజన్ మొదటి ఎపిసోడ్‌లో, యుద్ధం అయ్యాక గాయపడ్డవాళ్ళని ఒక్కొక్కళ్ళనీ బయటికి తీసుకెళ్ళి కాల్చడం చూపించారు. పాట దాటేసిన చోట కెమెరా ఆగింది. ఈసారి టైటిల్ సాంగ్ స్కిప్ చెయ్యకండి. విన్నాక ఆ ఎపిసోడ్ మాత్రం తప్పకుండా చూడండి.